ఒక రేల్స్

పద్నాలుగో కిలోమీటరు రాయి దాటాక హిల్మెర్ వంగి, ఎడమవైపు పట్టా మీద సుత్తితో ఒక దెబ్బ వేశాడు. పట్టా ఖంగుమంది. నాలుగడుగులు నడిచి ఇంకో దెబ్బ వేశాడు. అదీ ఖంగుమంది. పగులుంటే మోత బొంగురుపోతుంది. ఆ బొంగురు కోసమే అతను ముప్ఫై నాలుగేళ్లుగా చెవి ఒగ్గి నడుస్తున్నాడు. ఇన్నేళ్లలో అది వినిపించింది పదకొండుసార్లు. మిగిలిన రోజులన్నింటికీ తనిఖీ పుస్తకంలో అతను రాసింది ఒకటే మాట: రిమార్కు లేదు.

అక్టోబరు నెల. స్లీపర్ల మీద మంచు తెల్లగా పట్టి ఉంది. హిల్మెర్ పొడుగు మనిషి, కానీ ఆ పొడుగంతా మెడ దగ్గర వంగిపోయింది. పొడుగాటి స్పానరును ఏళ్ల తరబడి ఒకే భుజాన మోయడం వల్ల కుడి భుజం ఎడమదాని కంటే నాలుగు వేళ్లు కిందికి దిగి, కోటు ఎప్పుడూ ఒకవైపు జారినట్టే ఉంటుంది. చలికి చెవులు ఎర్రబడ్డాయి. పై పెదవి కింద కుక్కుకున్న తడిపొగాకు వల్ల మూతి ఉబ్బి, ఎవరిమీదో అలిగినవాడిలా కనిపిస్తాడు. నిజానికి అతను ఎవరిమీదా అలిగిందీ లేదు, ఎవరూ అతన్ని బతిమాలిందీ లేదు. పెళ్లి చేసుకోలేదు. లైను పక్కన కంపెనీ ఇచ్చిన ఎర్రరంగు చెక్క ఇంట్లో అక్క ఎల్నాతో ఉండేవాడు. పోయిన శీతాకాలం ఆమెకు గుండెజబ్బు ముదిరాక ఆమెను ఎడ్స్‌టోర్ప్‌లోని వృద్ధాశ్రమంలో చేర్చారు. అప్పట్నుంచి ఒక్కడే బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటున్నాడు.

అతనికి ఒకే ఒక సరదా ఉంది. పెద్దూళ్లో మాండలిక పదాలు సేకరించే ఆఫీసొకటి ఉంది. వాళ్లు ప్రతి పరగణాలోనూ ఒకరికి ఖాళీ చీటీలు పంపిస్తారు, ఆ మనిషి తన చుట్టుపక్కల వినిపించే మాటలు వాటిమీద రాసి తిరిగి పంపాలి. ఇరవై ఏడేళ్లుగా హిల్మెర్ పంపుతున్నాడు. వంగిన మేకును ఇక్కడి కూలీలు ఏమంటారు, పట్టా మీద పేరుకునే పల్చటి మంచుకూ గట్టి మంచుకూ పేర్లేమిటి, తాగి పనికొచ్చినవాణ్ని ఏమని తిడతారు, ఇలాంటివి. రాత్రి భోజనమయ్యాక దీపం దగ్గర కూర్చుని, గుండ్రటి అక్షరాలతో, సిరా చుక్క పడకుండా రాసేవాడు. ఒక్క మాట మాత్రం ఇరవై ఆరేళ్లపాటు రాయలేదు. సిగ్గేసి రాయలేదు. అది తన ఇంటిపేరులాంటి మాట.

అతని తాత అండెర్స్ పద్దెనిమిదేళ్లవాడిగా ఉన్నప్పుడు ఈ లైను వేశారు. పట్టాలు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయి. వాటి వెనకే ఒక ఇంగ్లీషు మేస్త్రీ కూడా వచ్చాడు. మేస్త్రీ పట్టాల గుట్టను చూపించి "రేల్స్, రేల్స్" అని కేకలేసేవాడట. ఆ భాషలో చివరి 'స్' మన 'లు' లాంటిదని, రేల్ అంటే ఒకటి, రేల్స్ అంటే చాలా అని కూలివాడికి ఎలా తెలుస్తుంది? ఒకరోజు పట్టా ఒకటి తక్కువైంది. అండెర్స్ పరుగెత్తుకెళ్లి, "ఒక రేల్స్ ఇవ్వండి" అన్నాడు. మన దగ్గర ఎవరో వచ్చి "ఒక పట్టాలు ఇవ్వండి" అన్నట్టు. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఇంజనీరుకు అంటుకుంది, ఇంజనీరు నుంచి గుంపుకు, ఆదివారానికల్లా చర్చి మెట్ల దాకా పాకింది. అప్పట్నుంచి అతను రేల్స్ అండెర్స్. అతని గుడిసె రేల్స్ గుడిసె. అతని కొడుకు రేల్స్ కొడుకు, మనవలు రేల్స్ పిల్లలు.

విచిత్రమేమిటంటే ఊరు దాటితే దేశమంతా రేల్స్ అనే అంటుంది. పేపర్లో అదే, బడి పుస్తకంలో అదే, మంత్రిగారి ఉపన్యాసంలోనూ అదే. రైల్వేలో పనిచేసేవాళ్లు మాత్రం మాకు తెలుసులెమ్మని పట్టుబట్టి రేల్ అంటారు. ఈ ఊరంతా రైల్వే ఊరు కాబట్టి ఇక్కడ రేల్స్ అన్నవాడు తెలివితక్కువవాడి కింద లెక్క. మాటల సంగతి అంతే. మన తెలుగువాళ్లం పట్టా పేరు పట్టుకెళ్లి ఏకంగా బండికే పెట్టి రైలు అన్నాం, ఎవరూ మనల్ని వేలెత్తి చూపలేదు.

హిల్మెర్‌కు నవ్వు పెద్దగా తగల్లేదు. సుత్తి పట్టుకుని ఒంటరిగా నడిచేవాణ్ని ఎవరు నవ్వుతారు? తగిలింది ఎల్నాకు. ఆమె చదువులో చురుకు. పద్దెనిమిదేళ్లకే పక్క పరగణాలో చిన్నపిల్లల బడికి పంతులమ్మగా వెళ్లింది. తెల్ల కాలరు కుట్టుకుంది, సుద్దముక్కల కోసం చెక్కపెట్టె చేయించుకుంది. వారం తిరక్కుండా ఆ పేరు ఆమె వెనకాలే వెళ్లింది. ఆమె బోర్డు వైపు తిరగ్గానే పిల్లలు గొంతు కలిపి, "ఒక రేల్స్, రెండు రేల్స్‌లు, మూడు రేల్స్‌లు" అని లెక్కపెట్టేవాళ్లు. తనిఖీకి వచ్చిన పాస్టరుగారి ముందు కూడా లెక్కపెట్టారు. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నారు. క్రిస్మసు సెలవులకు ఇంటికొచ్చిన ఎల్నా మళ్లీ వెళ్లలేదు. స్టేషను క్యాంటీనులో గిన్నెలు తోమడానికి కుదిరి, నలభై ఒక్కేళ్లు తోమింది.

పోయిన వసంతంలో ఆశ్రమంలో మంచం మీద కూర్చుని ఆమే అడిగింది, ఊరి మాటలన్నీ రాస్తావు కదా, ఆ ఒక్కటీ ఎందుకు రాయవని. తాత చేసిన తప్పే కూలీల నోట ఒక లైను నుంచి ఇంకో లైనుకు పాకి దేశమంతా అయిందని ఆ ఆఫీసువాళ్లు తేలిస్తే, నవ్విన ఊరు నోరు మూసుకుంటుంది కదా అంది. తాను పోయేలోగా ఆ ఒక్క ముక్క అచ్చులో చూడాలని ఉందంది. హిల్మెర్ నాలుగు పేజీలు రాసి పంపాడు. అప్పట్నుంచి ప్రతి బుధవారం అతను వెళ్లగానే ఆమె వేసే మొదటి ప్రశ్న, జవాబొచ్చిందా అని.

ఇవాళ బుధవారం.

పనిముట్ల ట్రాలీ తోసుకుంటూ స్టేషను చేరేసరికి తొమ్మిదిన్నర. స్టేషను మాస్టరు మాల్తె రింగ్‌డాల్ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. బొద్దు మనిషి, టోపీ అంచు ఎప్పుడూ తళతళలాడుతుంది. కవరు చేతిలో ఊపుతున్నాడు.

"ట్రాక్‌మన్ గారికి పెద్దూరి నుంచి ఉత్తరం. ఆ మాట మీద హక్కు తాతగారికే రాసిచ్చారేమో చూసుకోండి. ఇస్తే మాకే ఇబ్బంది. టిక్కెట్ల మీద రేల్స్‌బస్ అని అచ్చేసినందుకు మీరు మా దగ్గర అద్దె వసూలు చేస్తారు."

హిల్మెర్ నవ్వినట్టు మూతి కదిపి, కవరు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మాల్తె చెడ్డవాడేమీ కాదు. ఈ ఊళ్లో పుట్టాడు, ఈ ఊరి నవ్వే నవ్వుతాడు.

ఎల్నా ఎదుటే విప్పుదామనుకున్నాడు. పదహారో కిలోమీటరు దగ్గర పనిముట్ల గుడిసె చేరేదాకా ఆగగలిగాడు కూడా. అక్కడ బల్ల మీద కూర్చుని, ముతక రొట్టె మీద చల్లారిన సాసేజి ముక్కలు పేర్చుకుని, ఒక్క కొరుకు కొరికి, మిగతాది పక్కన పెట్టేశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబుకత్తితో కవరు అంచు కోశాడు.

టైపు చేసిన ఉత్తరం, ఒకటిన్నర పేజీ. రాసినామె గున్‌వోర్ లీడ్‌బెక్ అనే పరిశోధకురాలు. ఇరవై ఏడేళ్లుగా ట్రాక్‌మన్ గారు పంపుతున్న చీటీలు తమకు ఎంత విలువైనవో మొదట రాసింది. అది మర్యాదకు రాసింది కాదు, ఏయే చీటీ ఏ పనికి ఉపయోగపడిందో పేరుపేరునా రాసింది. తాతగారి కథ ఆఫీసులో అందరం చదివి ఆనందించామంది. ఆ తర్వాత పేరా మారింది. రేల్స్ అనే రూపం తాతగారు పుట్టకముందే, మీ లైనుకు ఇంకా నక్షా కూడా గీయకముందే, ఎక్కడో దక్షిణాన పత్రికల్లో అచ్చయి ఉంది. బహువచనాన్ని ఏకవచనం అనుకోవడం ఇంగ్లీషు నుంచి మాట తెచ్చుకున్నప్పుడల్లా మనవాళ్లందరూ చేసిన పనే. నెత్తిన పెట్టుకునే కెప్స్ అంతే, పొయ్యిలో వేసే కోక్స్ అంతే, బిస్కెట్టుకు మనం వాడే కెక్స్ అంతే. ఇలాంటి మాటను ఫలానావారు మొదలుపెట్టారని చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే అది ఒకరు చేసిన తప్పు కాదు. మంచి నమస్కారాలతో.

అతను రెండోసారి చదివాడు. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. అంత మర్యాదగా రాసిన మనిషి మీద కోపం ఎలా వస్తుంది? ఆ కథ తప్ప తమ ఇంట్లో చెప్పుకోవడానికి ఇంకేమీ లేదని, తమ వంశం మొత్తంలో ఎవరూ ఇంకే పనీ చేయలేదని, అతనికి అప్పుడే తెలిసినట్టయింది. తాత దేశానికి ఒక మాట ఇచ్చాడనుకున్నారు. తాత ఏమీ ఇవ్వలేదు. నవ్వులపాలయ్యాడు, అంతే.

మిగిలిన నాలుగు కిలోమీటర్లు నడిచాడు. ఒకచోట రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు బోల్టు వదులైంది. స్పానరు పెట్టి బిగించాడు. ఇంకోచోట స్లీపరు కింద కంకర కుంగింది, గుర్తుగా సున్నం గీత గీశాడు. వచ్చే ఏడాది ఈ లైను మూసేస్తారని అందరికీ తెలుసు. అయినా గీత తిన్నగానే గీశాడు. పుస్తకం తీసి, బోల్టు సంగతి, కంకర సంగతి రాశాడు. ముప్ఫై నాలుగేళ్లలో అతను ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదు. జ్వరమొచ్చి నడవని రోజున నడవలేదనే రాశాడు. ఆ సంగతి ఇవాళ గుర్తొచ్చి అతనికి భయమేసింది.

ఒంటిగంట యాభై రేల్స్‌బస్ ఎక్కాడు. పట్టాల మీద నడిచే నారింజరంగు బస్సు అది, ఒక్క పెట్టె. మొదటిసారి అది ఈ లైను మీదికి వచ్చినరోజు ఎల్నా క్యాంటీను కిటికీలోంచి చూసి, తాత పేరు మీద బస్సు వేశార్రా అని తడిచేతులతోనే బయటికి పరిగెత్తుకొచ్చింది. ఇవాళ పెట్టెలో ముగ్గురే ఉన్నారు. హిల్మెర్ కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతూ అబద్ధం సాధన చేశాడు. వాళ్లు ఒప్పుకున్నారు ఎల్నా. పుస్తకంలో వేస్తామన్నారు ఎల్నా. తాత పేరు, ఊరి పేరు, సంవత్సరం అన్నీ వేస్తారట. చెప్పగలననే అనిపించింది. ఎదుటి సీటులో కూర్చున్న ముసలామె, ప్రార్థన చేసుకుంటున్నాడనుకుందో ఏమో, చూపు తిప్పుకుంది.

ఎల్నా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కాళ్లు వాచి, పాదాలకు చెప్పులు పట్టక, ఎవరివో మగవాళ్ల ఊలు మేజోళ్లు తొడిగారు. ముఖం మాత్రం చిక్కిపోయింది. జుట్టు నున్నగా దువ్వి, మెడ దగ్గర తెల్ల కాలరు పెట్టుకుంది. గిన్నెలు తోమిన చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్ల కొసలు ఇప్పటికీ నీళ్లలో నానినట్టే ఉంటాయి. అతను జేబులోకి చేయి పెట్టకముందే, వచ్చిందని ఆమెకు తెలిసిపోయింది.

"వచ్చింది కదూ," అంది.

ఆశ్రమంలో పనిచేసే సిస్టర్ ట్రేలో కాఫీ తెచ్చి పెట్టింది. రెండు కప్పులు, చక్కెర బిళ్లలు, ఒక సాసరులో నాలుగు బిస్కెట్లు. గొళ్లెం సరిగా పడని తలుపును మెల్లిగా దగ్గరకు లాగి వెళ్లింది. హిల్మెర్ ఉత్తరం విప్పాడు. మర్యాద మాటలన్నీ గట్టిగా, నిదానంగా చదివాడు. చీటీల సంగతి చదివాడు. తాత కథ విని ఆఫీసులో అందరూ ఆనందించారని చదివాడు. అక్కడ ఆగి, గొంతు సవరించుకుని, "ఇక చివర్న వాళ్లేమంటారంటే, పుస్తకంలో..." అన్నాడు.

"చదువు," అంది ఎల్నా. "చెప్పొద్దు, చదువు. ఒక్క టెర్మే అయినా పంతులమ్మగా చేశాను. పిల్లలు ఎక్కడ వాక్యం దాటేస్తారో నాకు తెలుసు."

అతను చదివాడు. దాటేయకుండా చివరిదాకా చదివాడు, సంతకం కూడా. గంటన్నరపాటు సాధన చేసిన అబద్ధం నోట్లోనే ఉండిపోయింది. అక్క కోసం ఆ ఒక్క పనీ చేయలేకపోయానని తనమీద తనకే రోత పుట్టింది.

ఎల్నా సాసరులోంచి ఒక బిస్కెట్టు తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కూడానా?"

"అదీ అంతే. అసలు మాట కేక్. కేక్స్ అంటే బోలెడు. మనవాళ్లు ఒక్కదాన్నే కెక్స్ అన్నారు."

"క్యాంటీనులో నలభై ఒక్కేళ్లు నా చేత్తో ప్లేట్లలో పెట్టాను. ఇంజనీర్లు తిన్నారు, పాస్టరుగారు తిన్నారు. ఒక కెక్స్ ఇవ్వండి, ఒక కెక్స్ ఇవ్వండి అంటూ అడిగి తిన్నారు. ఒక్కళ్లూ నవ్వలేదు."

"లేదు," అన్నాడు.

"అందరూ చేసిన తప్పేనని రాసింది కదా ఆవిడ."

"అవును."

"అయితే మనల్ని చూసే ఎందుకు నవ్వారు, హిల్మెర్?"

ఆమె గొంతులో కోపం లేదు. క్లాసులో అర్థంకాని లెక్క గురించి పిల్లలు అడిగినట్టు అడిగింది. అతను జవాబు వెతికాడు. పేదవాళ్లం కాబట్టి అందామనుకున్నాడు, కానీ అక్కడ అందరూ పేదవాళ్లే. తాత మొదట అన్నాడు కాబట్టి అందామంటే, మొదటివాడు తాత కాదని ఇప్పుడే కదా చదివాడు. ఎవరో ఒకరు నవ్వులపాలు కావాల్సి ఉండి ఆ రోజు తాత ఎదురుపడ్డాడేమో, అంతకుమించి కారణమే లేదేమో. ఆ మాట ఆమెతో ఎలా అంటాడు? తలవంచుకుని తన బూట్ల మీద ఎండిన బురదను చూస్తూ కూర్చున్నాడు. తాత వల్ల కాదు, మాట వల్ల కాదు, ఊరికే. ఊరికే ఆమె బడి పోయింది, ఊరికే నలభై ఒక్కేళ్లు పోయాయి.

ఎల్నా కాఫీ సాసరులోకి ఒంపుకుని, చక్కెర బిళ్ల పంటి మధ్య పెట్టుకుని, ఒక గుక్క జుర్రింది. బిస్కెట్టు అందులో ముంచి కొరికింది. బాగా ఉందనో బాలేదనో తల ఊపింది.

"పాలు లేవు," అంది కాసేపటికి. "సిస్టర్ మర్చిపోయినట్టుంది. అడిగి కాస్త తెచ్చిపెట్టు. చల్లారితే నాకు దిగదు."

హిల్మెర్ లేచి వంటింట్లోకి వెళ్లాడు. సిస్టర్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. లైను మూసేశాక మీరిటు ఎలా వస్తారని అడిగింది. బస్సు వేస్తామంటున్నారు, మామూలు బస్సు, రోడ్డు మీది బస్సు అని చెప్పాడు. అది ఇంకా నయం, మా గేటు దగ్గరే ఆగుతుంది అంది ఆమె. చిన్న జగ్గులో పాలు పోసిచ్చింది. ఎల్నాకు రాత్రిళ్లు ఆయాసం ఎక్కువైందని, డాక్టరుకు చెప్పామని, ఆయన తల అడ్డంగా ఊపాడని కూడా చెప్పింది. హిల్మెర్ ఆ మాటలు నిలబడి విన్నాడు. మూడు నిమిషాలు పట్టి ఉంటుంది, అంతకంటే ఎక్కువ పట్టలేదు.

తిరిగొచ్చేసరికి ఎల్నా తల కిటికీ వైపు వాలి ఉంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. అతను ఆమె కప్పులో పాలు పోశాడు. చాలా, ఇంకొంచెం పోయనా అని అడిగాడు. ఇంకొంచెం పోశాడు. అప్పుడు జగ్గు కింద పెట్టి, ఆమె చేతి మీద చేయి వేశాడు. వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. కానీ అతను పట్టుకుంటే అవి తిరిగి పట్టుకోలేదు.

అతను సిస్టర్‌ను వెంటనే పిలవలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండానే పంపించేశానని, చెప్పడానికి ముందొక జీవితమంతా ఉన్నా తన దగ్గర ఆ జవాబు ఉండేది కాదని అనిపించి, ఏడుపొచ్చింది. ఏడవడం అలవాటు లేక, దగ్గినట్టు ఏడ్చాడు. ఆ దగ్గు విని సిస్టర్ తలుపు తోసుకొచ్చింది. మణికట్టు పట్టుకు చూసింది, కళ్లజోడు తీసి మడిచింది, కళ్లు మూసింది. ఫోను చేయాలని, పేరు, పుట్టిన సంవత్సరం, చేసిన వృత్తి చెప్పాలని అంది. క్యాంటీనులో గిన్నెలు తోమేవారు కదా అని అడిగింది.

"పంతులమ్మ," అన్నాడు హిల్మెర్. "అలాగే రాయండి."

సిస్టర్ ఒక క్షణం అతని మొహంలోకి చూసి, సరేనంది. కప్పులూ బిస్కెట్ల సాసరూ ట్రేలోకి సర్దుతూ ఎల్నా కాఫీ సాసరు మీద చేయి వేసింది. అది ఉండనివ్వమన్నాడు. ఆమె ట్రే పట్టుకుని వెళ్లిపోయింది. బయట నాలుగుకే చీకటి పడుతోంది. ఆ సాసరులో కెక్స్ ఒక్కటి మిగిలింది, ఒక అంచు కాఫీకి నాని మెత్తబడి, ఆమెకున్న రెండు ముందుపళ్ల గుర్తు ఇంకా దాని మీద ఉంది.